అనంతపురంలో చదువు ముగిస్తున్నవారి ప్రశ్నలు: కాగితాలు, డబ్బు, మొదటి ఉద్యోగం

జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీల్లో, శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) పరిధిలోని డిగ్రీ కాలేజీల్లో ఆఖరి ఏడాది చదువుతున్నవారు, వాళ్ల తల్లిదండ్రులు పదేపదే అడిగేవి ఇవి. అందరూ మొదట ఉద్యోగం గురించే అడుగుతారు. తీరా చేరే రోజు వచ్చాక పేరులో ఒక అక్షరం తేడా దగ్గరో, చేతిలో నలభై వేలు లేని దగ్గరో ఆగిపోతారు. అందుకే కాగితాలు ముందు, డబ్బు తర్వాత, ఉద్యోగం ఆ తర్వాత పెట్టాం.

ఆఖరి సెమిస్టర్ నడుస్తోంది. అన్నిటికంటే ముందు ఏం సరిచూసుకోవాలి?

మీ పేరు. టెన్త్ మెమో, ఆధార్, పాన్, బ్యాంకు పాస్‌బుక్ నాలుగూ పక్కపక్కన పెట్టి అక్షరం అక్షరం చదవండి. మన దగ్గర చిక్కంతా ఇంటిపేరుతోనే. టెన్త్ మెమోలో ‘కె. మహేశ్ కుమార్’ అని పొడి అక్షరం ఉంటుంది. ఆధార్‌లో ‘కొత్తపల్లి మహేశ్’ అని ఉండి ‘కుమార్’ ఎగిరిపోతుంది. పాన్‌లో చివరి పేరు గడిలో పొడి అక్షరం ఒప్పుకోరు కాబట్టి ఇంటిపేరు విప్పి రాసి ఉంటుంది. ఇంగ్లిషు స్పెల్లింగులో ఒకచోట ‘ఎస్‌హెచ్’, ఇంకోచోట ఒట్టి ‘ఎస్’. మనిషి ఒక్కడే అని మనకు తెలుసు, కంప్యూటరుకు తెలియదు. పీఎఫ్ ఖాతా ఆధార్ పేరుతో తెరుచుకుంటుంది. దానికి పాన్ కలపబోతే పేర్లు కుదరలేదని తిప్పికొడుతుంది.

దిద్దించుకోవడానికి ఒక వరస ఉంది. టెన్త్ మెమోను ఆధారంగా పెట్టుకుని ముందు ఆధార్, ఆధార్‌ను బట్టి పాన్, చివరికి బ్యాంకు. బ్యాంకులో ముందే మార్పించుకుంటే, తర్వాత ఆధార్ మారినప్పుడు మళ్లీ మొదటికొస్తుంది. ఆధార్‌లో పేరు రెండుసార్లే మార్చనిస్తారు, పుట్టిన తేదీ ఒక్కసారే. కాబట్టి నమోదు కేంద్రంలో ఆపరేటరు టైపు చేశాక రసీదు మీద స్పెల్లింగు చదవకుండా లేవకండి. తప్పు టెన్త్ మెమోలోనే ఉంటే చదివిన బడి హెడ్‌మాస్టరు ద్వారా బోర్డుకు దరఖాస్తు వెళ్లాలి. దానికి నెలలు పడుతుంది, ఈ వారమే మొదలుపెట్టండి.

పీసీ, సీఎంఎం, ఓడీ అంటారు. చేరేటప్పుడు ఏవి కావాలి?

ప్రొవిజనల్ సర్టిఫికెట్, కన్సాలిడేటెడ్ మార్కుల మెమో ఉంటే చాలు. ఒరిజినల్ డిగ్రీ తర్వాత ఇస్తామంటే చాలా కంపెనీలు ఒప్పుకుంటాయి. అలాగని ఓడీని మరిచిపోవద్దు. విదేశీ చదువుకో, ప్రభుత్వ ఉద్యోగానికో అవసరం పడేసరికి మీరు ఏ నోయిడాలోనో ఉంటారు, దరఖాస్తు ఇక్కడ పెట్టాలి. టీసీ, కాండక్ట్ సర్టిఫికెట్, సెమిస్టర్ల మెమోలు అన్నీ ఒకే రోజు తీసుకుని, రంగుల్లో స్కాన్ చేసి డ్రైవ్‌లో పెట్టండి. జిరాక్స్‌ని ఫోన్‌తో ఫొటో తీస్తే వెరిఫికేషన్‌వాళ్లు వెనక్కి పంపుతారు.

చేరే కంపెనీ ఒరిజినల్స్ చూసి తిరిగి ఇచ్చేయాలి. ‘మా దగ్గరే ఉంచుకుంటాం’ అంటే ఆ ఉద్యోగం గురించి మళ్లీ ఆలోచించండి.

ఫీజు బకాయి ఉందని కాలేజీవాళ్లు సర్టిఫికెట్లు ఇవ్వడం లేదు. ఏం చేయాలి?

ఒరిజినల్స్ అట్టిపెట్టుకోకూడదని యూజీసీ 2018లోనే కాలేజీలకు చెప్పింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ రాలేదన్నది తరచూ చెప్పే కారణం. నోటిమాటగా అడిగితే పని కాదు. ప్రిన్సిపాల్‌కు లెటరు రాసి, ఇంకో కాపీ మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకోండి. కదలిక లేకపోతే అదే కాపీ జతచేసి యూనివర్సిటీకి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌కు ఇవ్వండి. చేరే తేదీ ముంచుకొచ్చి కట్టక తప్పకపోతే నగదు ఇవ్వకండి. బ్యాంకు ద్వారా కట్టి, ‘రీయింబర్స్‌మెంట్ బదులు’ అని రసీదులో రాయించుకోండి. తర్వాత ప్రభుత్వం నుంచి డబ్బు వచ్చినప్పుడు తిరిగి అడగడానికి ఆ రసీదొక్కటే ఆధారం.

కుల, ఆదాయ సర్టిఫికెట్లు పాతవి పనికొస్తాయా?

రాష్ట్ర ఉద్యోగాలకు ఇచ్చే బీసీ సర్టిఫికెట్ వేరు, కేంద్ర ఉద్యోగాలకు అడిగే ఓబీసీ నాన్ క్రీమీలేయర్ వేరు. ఫార్మాట్ తేడా ఉంటే బ్యాంకు పరీక్ష పాసయ్యాక కూడా వెరిఫికేషన్‌లో పోతుంది. రాష్ట్ర జాబితాలో ఉన్న కులం కేంద్ర జాబితాలో ఉందో లేదో కూడా చూసుకోండి. అగ్రవర్ణ పేదల కోటా ఈడబ్ల్యూఎస్‌కు కుటుంబ ఆదాయం రూ. 8 లక్షల లోపు ఉండాలి, ఏటా కొత్తది తీసుకోవాలి. అన్నీ సచివాలయంలో దరఖాస్తు పెట్టేవే, తహశీల్దారు దగ్గర నుంచి వచ్చేవే. ఏపీపీఎస్సీ ఆలోచన ఉంటే 4 నుంచి 10వ తరగతి దాకా స్టడీ సర్టిఫికెట్లు ఇప్పుడే తెచ్చుకోండి. స్థానికత వాటితోనే తేలుతుంది. మూతపడిన ప్రైవేటు స్కూల్లో చదివినవాళ్లు మండల విద్యాధికారి (ఎంఈవో) ఆఫీసు చుట్టూ తిరగాల్సి వస్తుంది.

బెంగళూరులో ఆఫర్ వచ్చింది. ఎంత డబ్బుతో బయల్దేరాలి?

అనంతపురం నుంచి రెండు వందల కిలోమీటర్ల పైచిలుకే కదా, అవసరమైతే ఇంటి నుంచి పంపుతారులే అనుకుని ఐదువేలతో వెళ్లేవాళ్లే ఎక్కువ. ఎక్కడ చిక్కుతారంటే, నెల మధ్యలో చేరితే చాలాచోట్ల ఆ నెల జీతాల లెక్క అప్పటికే మూసేసి ఉంటారు. 18న చేరినవారికి ఆ పన్నెండు పద్నాలుగు రోజుల జీతం కూడా వచ్చే నెలాఖరునే కలిపి ఇస్తారు. అంటే దాదాపు 45 రోజులు సొంత డబ్బుతో బతకాలి. సొంత లెక్కకు రెండు నెలలు వేసుకోండి.

ముగ్గురుండే గదిలో, భోజనంతో కలిపి పీజీ (పేయింగ్ గెస్ట్ హాస్టల్) రూ. 8,000 అనుకుందాం, ఏరియాను బట్టి అటూఇటూ అవుతుంది. రెండు నెలలకు 16,000. అడ్వాన్సు ఇంకో 8,000. బస్సు పాస్, మెట్రో, మధ్యాహ్నం టిఫిను, ఫోను కలిపి నెలకు 5,000 చొప్పున 10,000. బూట్లు, రెండు జతల బట్టలు, మెడికల్ టెస్టు, పరుపు మీదకు దుప్పటి దాకా 5,000. మొత్తం 39,000. చేరేముందు నలభై వేలు విడిగా ఒక ఖాతాలో ఉంటే, అడ్వాన్సు కోసం ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవాల్సిన పనిలేదు. ఆ వడ్డీ ఏడాదికి 36 శాతం.

పీజీలో డబ్బు కట్టేముందు రెండు సంగతులు అడగండి: ఖాళీ చేయాలంటే ఎన్ని రోజుల ముందు చెప్పాలి, అడ్వాన్సులో మెయింటెనెన్స్ కింద ఎంత కోస్తారు. నెల నోటీసు ఇవ్వలేదని అడ్వాన్సు మొత్తం ఎగ్గొట్టడం అక్కడ మామూలే. మొదటి నెల ఆఫీసుకు నడిచివెళ్లే దూరంలో దొరికిన గది తీసుకుని, నచ్చిన చోటు తీరిగ్గా వెతుక్కోవడం నయం.

ప్యాకేజీ 3.6 లక్షలు అన్నారు. నెలకు ముప్పై వేలు వస్తుందా?

రాదు. సీటీసీ అంటే మీ మీద కంపెనీ పెట్టే ఖర్చు మొత్తం. నెలకు 30,000 అయితే అందులో బేసిక్ 15,000 అనుకోండి. కంపెనీ వాటా పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ (మానేసేటప్పుడు సర్వీసును బట్టి ఇచ్చే మొత్తం) కింద బేసిక్‌లో 4.81 శాతం అంటే 721 ముందే పక్కకు పోతాయి. మిగిలిన గ్రాస్ 27,479. ఇందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 1,800, ప్రొఫెషనల్ టాక్స్ 200 పోగా చేతికి 25,479. గ్రూప్ ఇన్సూరెన్స్ ప్రీమియం కోస్తే పాతిక వేలు.

ఇక అసలు చూడాల్సింది వేరియబుల్ పే. ఆ 30,000లో పది శాతం ‘పెర్ఫార్మెన్స్’ కింద పెడితే నెలనెలా ఇంకో 3,000 తగ్గుతుంది. ఏడాది చివర ఎంత ఇస్తారన్నది కంపెనీ ఇష్టం, మధ్యలో మానేస్తే అదీ లేదు. ‘జాయినింగ్ బోనస్’ను కూడా సీటీసీలో కలిపి చూపిస్తారు, అది ఒక్కసారి వచ్చేది. హెచ్‌ఆర్‌ను అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: ‘నెలకు చేతికి ఎంత వస్తుంది, మెయిల్‌లో రాసి పంపగలరా?’ అడిగినందుకు ఆఫర్ పోదు.

గ్రాస్ 21,000 లోపు ఉంటే ఈఎస్ఐ (ఉద్యోగుల వైద్య బీమా) వర్తిస్తుంది. మీ జీతంలోంచి 0.75 శాతం పోతుంది గానీ ఇంట్లోవాళ్ల వైద్యానికి కూడా పనికొస్తుంది, కార్డు అడిగి తీసుకోండి.

ఎడ్యుకేషన్ లోన్ వాయిదాలు ఎప్పటినుంచి మొదలవుతాయి?

మామూలుగా కోర్సు ముగిసిన ఏడాది తర్వాత. ఆ మధ్య ఏడాది ‘వడ్డీ లేని’ కాలం అని చాలామంది అనుకుంటారు. కాదు, అసలు ఇచ్చిన రోజు నుంచే వడ్డీ లెక్క నడుస్తోంది. ఏటా లక్ష చొప్పున నాలుగు లక్షలు తీసుకున్నారనుకోండి, వడ్డీ 10 శాతం. మొదటి లక్ష మీద ఐదేళ్లకు 50,000, రెండోదాని మీద 40,000, మూడోదాని మీద 30,000, చివరిదాని మీద 20,000. మొదటి వాయిదా నాటికే మొత్తం 1,40,000 పేరుకుంటుంది. పదేళ్లలో తీరుద్దామంటే 5,40,000 మీద నెలకు సుమారు 7,140 కట్టాలి. ఆ వడ్డీని చదువుతున్నప్పుడే ఎప్పటికప్పుడు కట్టేసి ఉంటే వాయిదా నాలుగు లక్షల మీదే పడేది, సుమారు 5,290. పైగా అలా కట్టినవారికి వడ్డీలో ఒక శాతం దాకా తగ్గించే బ్యాంకులు ఉన్నాయి.

చదువు అయిపోయింది, వడ్డీ కట్టలేదు అంటే కూడా ఈ మిగిలిన ఏడాదిలో నెలకు మూడు నాలుగు వేలు చొప్పున కడుతూ రండి. ఎంత కట్టినా ఆ మేరకు వాయిదా తగ్గుతుంది. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి కోర్సు అర్హమైనదైతే చదువు కాలానికీ, ఆ తర్వాతి ఏడాదికీ కేంద్రమే వడ్డీ భరించే పథకం ఉంది. ఆదాయ సర్టిఫికెట్ ఇచ్చారా, బ్యాంకు క్లెయిమ్ పెట్టిందా అని బ్రాంచిలో అడగాలి. అడక్కపోతే చెప్పేవాళ్లు తక్కువ.

వాయిదా 90 రోజులు దాటితే ఖాతా మొండి బాకీ అవుతుంది. నాన్న సహరుణగ్రహీత కాబట్టి సిబిల్‌లో, అంటే అప్పుల చరిత్ర రికార్డులో, ఆయన పేరూ పాడవుతుంది. ఆయన కొత్త అప్పుకు వెళ్లినప్పుడు బయటపడుతుంది. కట్టలేని పరిస్థితి వస్తే ఆ మూడు నెలలు దాటకముందే వెళ్లి కాలం పొడిగించమని రాసివ్వండి.

ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో లోనో, ఖాతానో ఉన్నవారికి ఒక మాట. ఆ బ్యాంకు 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. జీతం ఖాతా వివరాల్లో, ఆటో డెబిట్ ఫారంలో పాత ఐఎఫ్‌ఎస్‌సీ రాస్తే డబ్బు తిరిగిరావచ్చు. బ్రాంచిలో కోడ్ అడిగాకే రాయండి.

పీఎఫ్ ఎందుకు? కోసిన డబ్బు మానేసినప్పుడు తీసేసుకుంటే పోలా?

2024-25కు దాని మీద వడ్డీ 8.25 శాతం. ఐదేళ్ల సర్వీసు నిండకముందే తీస్తే పన్ను పడే అవకాశం ఉంది. యూఏఎన్ అంటే మీ పీఎఫ్ నంబరు, అది జీవితాంతం ఒక్కటే. ఇప్పుడు ఉమాంగ్ యాప్‌లో ముఖ గుర్తింపుతో తీసుకోవాలి. రెండో కంపెనీలో ‘నాకు యూఏఎన్ లేదు’ అని చెప్పి కొత్తది తీయించుకోవద్దు. తర్వాత కలపడానికి పడే తిప్పలు అనవసరం.

పాతిక వేల జీతానికి ఇన్‌కమ్ టాక్స్ కట్టాలా?

అక్కర్లేదు. 2025-26 నుంచి కొత్త విధానంలో జీతగాళ్లకు ఏడాదికి 12.75 లక్షల దాకా పన్ను పడదు. ట్రైనింగ్ స్టైపెండులో టీడీఎస్ (ముందే పట్టుకునే పన్ను) కోసి ఉంటే మాత్రం రిటర్ను వేయండి, వెనక్కి వస్తుంది.

మావాడి మొదటి జీతం నుంచే ఐదువేల చీటీ వేయిద్దామనుకుంటున్నాం. మంచిదేనా?

అమ్మా, మొదటి ఆరు నెలలు వద్దు. చీటీ ఒక్క నెల ఆగినా జరిమానా, పేరుపోవడం. కొత్త ఉద్యోగం ఆరు నెలల్లో పోయినా పోవచ్చు. ముందు మూడు నెలల ఖర్చు, అంటే నలభై యాభై వేలు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునేలా బ్యాంకు రికరింగ్ డిపాజిట్‌లో పోగుచేయనివ్వండి. తర్వాత చీటీ వేసినా చిట్ రిజిస్ట్రార్ అనుమతి ఉన్నచోటే వేయండి. కమీషన్ చట్టప్రకారం 7 శాతానికి మించకూడదు. వీధిలో తెలిసినవాళ్లు నోటిమాట మీద నడిపేదానికి ఏ కాగితమూ ఉండదు, వాళ్లు డబ్బుతో పారిపోతే పోలీసుస్టేషన్లో చూపించడానికి మీ దగ్గర చిన్న డైరీ తప్ప ఏమీ మిగలదు.

ఇంటికి ఎంత పంపాలన్నది కూడా ముందే మాట్లాడుకోండి. పాతికవేలలో పీజీ, తిండి, లోన్ వాయిదా పోగా మిగిలేది ఐదారు వేలు. అది తెలియక ‘జీతమొచ్చి మూడు నెలలైంది, ఒక్క రూపాయి పంపలేదు’ అన్న మాట చాలా ఇళ్లలో వస్తోంది.

క్రెడిట్ కార్డు తీసుకోవచ్చా?

నెలకు ఎంత వాడారో అంతా గడువులోగా కట్టగలిగితే తీసుకోండి. ‘మినిమమ్ డ్యూ’ కట్టి సరిపెట్టుకుంటే మిగతాదాని మీద నెలకు మూడు మూడున్నర శాతం పడుతుంది. ఊళ్లో మూడు రూపాయల వడ్డీకి ఇది తక్కువేమీ కాదు. లోన్ యాప్‌లు అసలు వద్దు.

క్యాంపస్‌లో రాలేదు. బెంగళూరో హైదరాబాదో వెళ్లి కోర్సు చేయాలా?

కోర్సు చేయొచ్చు, కానీ ముందు రాయలసీమలో ఉన్నదేమిటో చూడండి. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవారు సాఫ్ట్‌వేర్ కోర్సుకు డబ్బు కట్టేముందు నాట్స్ అప్రెంటిస్‌షిప్ పోర్టల్‌లో పేరు నమోదు చేయాలి. ఏడాది శిక్షణ, స్టైపెండులో కొంత కేంద్రం భరిస్తుంది, చివర సర్టిఫికెట్. ఎక్కడైనా ఏడాది అనుభవం వచ్చాక దీనికి అర్హత పోతుంది, అందుకే ముందు ఇది. స్టైపెండుకు పీఎఫ్ ఉండదు.

పెనుకొండ దగ్గర కియా 2019 నుంచి కార్లు తయారుచేస్తోంది, చుట్టూ విడిభాగాల కంపెనీలు ఉన్నాయి. ఎన్‌పీ కుంట, ఓర్వకల్లు వైపు సోలార్ పార్కులు, తాడిపత్రి, యర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీలు, ముద్దనూరు దగ్గర రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం (ఆర్‌టీపీపీ), కొప్పర్తి పారిశ్రామికవాడ. వీటిలో చాలావరకు కాంట్రాక్టరు ద్వారా తీసుకుంటారు. అప్పుడు అడగాల్సింది: అపాయింట్‌మెంట్ లెటరు ఎవరిస్తారు, పీఎఫ్ ఎవరి పేరున కడతారు. కాంట్రాక్టు పనిలో పీఎఫ్ లేకపోతే ఆ ఏడాదిని చాలా కంపెనీలు అనుభవంగా లెక్కించవు.

ఇక ‘మూడేళ్ల ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తాం’ అనేవాళ్ల జోలికి పోకండి. వెరిఫికేషన్‌లో ఇప్పుడు పీఎఫ్ సర్వీస్ హిస్టరీ అడుగుతారు. ఆ మూడేళ్లలో మీ యూఏఎన్‌లో ఒక్క రూపాయి జమ లేకపోతే అక్కడే దొరికిపోతారు. చేరిన ఆరు నెలలకు తీసేస్తారు, రిలీవింగ్ లెటరు కూడా రాదు.

కన్సల్టెన్సీ యాభై వేలు కడితే ఉద్యోగం గ్యారంటీ అంటోంది.

కట్టకండి. ల్యాప్‌టాప్ డిపాజిట్, ట్రైనింగ్ కిట్, ఐడీ కార్డు ఫీజు అని ఏ పేరుతో అడిగినా అంతే. ఆఫర్ లెటరు వచ్చిన మెయిల్‌లో ‘ఎట్’ తర్వాత ఉన్న పేరు కంపెనీ సొంత వెబ్‌సైటుదేనా అని చూడండి. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలో సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమయ్యేకొద్దీ ఆ డబ్బు ఖాతాలు మారిపోతుంది.

ఇంకొకటి ఈమధ్య ఎక్కువైంది: ‘మీ బ్యాంకు ఖాతా, సిమ్ ఇస్తే నెలకు పదివేలు’. ఆ ఖాతాలోంచి మోసపు సొమ్ము తిప్పుతారు. ఖాతా మీ పేరున ఉంటే కేసూ మీ పేరునే.

ఉద్యోగం వద్దు, బ్యాంకు పరీక్షలకు, గ్రూప్స్‌కు చదువుతాను. ఎన్నాళ్లు?

మొదట గడువు పెట్టుకోండి, అది ఇంట్లో చెప్పండి. బ్యాంకు పరీక్షలకు రెండు నోటిఫికేషన్లు సరిపోతాయి. క్లర్కుకు వయసు 20–28, పీఓకు 20–30. ఓబీసీ నాన్ క్రీమీలేయర్‌కు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్ల సడలింపు. కోచింగుకు నంద్యాల వెళ్లేవాళ్లు ఎక్కువే, అక్కడ అది ఒక పరిశ్రమలా నడుస్తోంది. కానీ ఫీజు కట్టేముందు ఇంట్లో కూర్చుని వరసగా పది మాక్ టెస్టులు రాయండి. మార్కులు తగ్గేది లెక్కల్లోనా, వేగంలోనా అన్నది తేలుతుంది. వేగమే సమస్య అయితే కోచింగు కన్నా రోజూ ఒక టెస్టు మేలు. గ్రూప్స్ సంగతి వేరు, నోటిఫికేషన్‌కూ నియామకానికీ మధ్య ఏళ్లు గడిచిపోతుంటాయి. దాని మీదే కూర్చోకుండా పక్కన ఒక ఉద్యోగం ఉంచుకోండి.

రెండేళ్ల బాండ్ రాయమంటున్నారు. బాండ్లు చెల్లవని అంటారు కదా?

ఆ మాట నమ్మి సంతకం పెట్టొద్దు. 2025 మేలో విజయా బ్యాంకు కేసులో, మూడేళ్లకు ముందే మానేస్తే రెండు లక్షలు కట్టాలన్న షరతు చెల్లుతుందని సుప్రీంకోర్టు చెప్పింది. మొత్తం ఎంత, నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందా, కంపెనీయే తీసేస్తే మీరు కట్టాలా అన్నవి చదివి చూసుకోండి. ఖాళీ చెక్కు ఇవ్వమంటే మొత్తం, తేదీ రాయని చెక్కు ఇవ్వకండి.

చేరిన ఉద్యోగం కుదరలేదు. రేపటి నుంచి వెళ్లకపోతే ఏమవుతుంది?

‘అబ్‌స్కాండ్’, అంటే చెప్పకుండా వెళ్లిపోయారని రాసుకుంటారు, తర్వాతి కంపెనీ వెరిఫికేషన్‌లో అదే వస్తుంది. మెయిల్‌లో రాజీనామా పంపండి, నోటీసు కాలం ఎన్ని రోజులో ఆఫర్ లెటర్లో చూడండి. చేయలేనన్ని రోజులకు జీతం కోసుకోమని రాసివ్వొచ్చు. కంపెనీ మెయిల్ మూసేయకముందే అన్ని నెలల పేస్లిప్పులు సొంత మెయిల్‌కు పంపుకోండి. రిలీవింగ్ లెటరు చేతికొచ్చాక పీఎఫ్ పోర్టల్‌లో ‘డేట్ ఆఫ్ ఎగ్జిట్’ పడిందో లేదో చూడండి. చివరి వాటా జమైన నెల నుంచి రెండు నెలలు దాటినా పడకపోతే మీరే వేసుకునే వీలు ఆ పోర్టల్‌లో ఉంది.